ఫైబర్ బోటు డ్యాషుకి జీపీఎస్ బిగించడం: పెట్టె చెడకుండా, బోటు పగలకుండా

జీపీఎస్ పెట్టె దానంతట అది చెడిపోవడం అరుదు. బోట్లలో కరెంటు పని చేసేవాడిగా నా చేతికొచ్చిన చెడిపోయిన పెట్టెల్లో ఎక్కువ వాటికి తప్పు బిగింపులోనే కనబడింది. వెనక ప్లగ్గులోకి ఉప్పునీరు చేరి పిన్నులు పచ్చగా చిలుము పట్టి ఉంటాయి. లేదా బ్రాకెట్టు చెవి దగ్గర ప్లాస్టిక్ విరిగి ఉంటుంది. లేదా ఫ్యూజు లేకుండా బ్యాటరీకి నేరుగా కలిపిన వైరు కాలిపోయి ఉంటుంది. బోటు వైపు చూస్తే డ్యాషు, అంటే నడిపేవాడి ముందుండే పలక, దాని మీద కన్నం చుట్టూ సాలెగూడులా పగుళ్ళు, కింద తడిసి ఉబ్బిన ప్లైవుడ్డు. ఇవన్నీ బిగించిన రోజున ఒక పూట ఎక్కువ ఖర్చుపెట్టి ఉంటే జరిగేవి కావు.

నా సలహా మొదటే చెప్పేస్తాను. మన తీరంలో జీపీఎస్‌ని డ్యాషులో కోసి పొదగకండి. బ్రాకెట్టు మీద నిలబెట్టి, పని అయ్యాక చేత్తో విప్పి ఇంటికి తీసుకెళ్ళేలా బిగించండి. ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా 193 కిలోమీటర్ల శ్రీకాకుళం తీరంలోనూ, విజయనగరం వైపు పూసపాటిరేగ, భోగాపురం మండలాల్లోనూ ఎక్కువ ఊళ్ళలో బోటుని కెరటాల్లోంచి నేరుగా ఇసుక మీదకే ఎక్కిస్తాం. ముందు భాగం ఇసుకకి తగిలినప్పుడు బోటంతా ఒక్కసారి కుదుపుతుంది, వెనక నుంచి వచ్చిన కెరటం లోపలికి పడుతుంది. ఆ తరవాత బోటు రోజంతా మండుటెండలో నీడ లేకుండా ఉంటుంది. చాలా మోడళ్ళ పుస్తకాల్లో రాసి ఉండే వేడి హద్దు 55 డిగ్రీలు. మూత వేసిన నల్ల డ్యాషు లోపల మే నెలలో అది సులువుగా దాటుతుంది. పొదిగేసిన పెట్టెని రోజూ ఎవరూ విప్పరు, అది అక్కడే ఉడుకుతుంది.

ఈ పనికి సరైన కాలం వేట నిషేధం రోజులు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు బోటు ఒడ్డునే ఉంటుంది, ఎండకి పొడిగా ఉంటుంది, ఫైబర్ అతికే రెజిన్ జిగురు బాగా పడుతుంది. మధ్యాహ్నం మాత్రం రెజిన్ కలపకండి. వేడికి గిన్నెలోనే గట్టిపడిపోతుంది. పొద్దున్నే, కొంచెం కొంచెంగా కలుపుకోవాలి.

సామాను

బ్రాకెట్టు పెట్టెతోపాటే వస్తుంది. దాంతో వచ్చే స్క్రూలు మాత్రం పక్కన పెట్టేయండి. ఫైబరులోకి నేరుగా ఎక్కించే స్క్రూ ఇంజను అదురుకి నెమ్మదిగా వదులై, మరలు అరిగి, ఒకరోజు పెట్టెతో సహా ఊడొస్తుంది. దాని బదులు 316 రకం స్టీలు బోల్టులు, అదే రకం వెడల్పు వాషర్లు, లోపల నైలాన్ రింగు ఉండే నైలాక్ నట్లు కొనండి. మామూలు స్టీలు బోల్టు అని ఇచ్చేవి మన గాలికి ఒక్క సీజనులో తుప్పు కారుస్తాయి. మ్యాగ్నెట్ పెట్టి చూస్తే గట్టిగా అంటుకునేది కొనకండి.

తక్కినవి: 3 మి.మీ., 5.5 మి.మీ. డ్రిల్ బిట్లు, కన్నం అంచు వాల్చే కౌంటర్‌సింక్ బిట్టు, మాస్కింగ్ టేపు, నీరు చొరబడకుండా సందులు మూసే మెత్తటి బ్యూటైల్ టేపు, కొద్దిగా రెజిన్ లేదా ఎపాక్సీ, తగరం పూత ఉన్న రాగి వైరు, ఫ్యూజు హోల్డరు, నీరు పట్టని స్విచ్చి, వైరు కొసకి నొక్కి బిగించే క్రింపింగ్ లగ్గులు, లోపల జిగురు ఉండి వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ ట్యూబు, ఒక మల్టీమీటరు. కళ్ళద్దాలు, ముక్కుకి మాస్కు తప్పనిసరి. ఫైబర్ పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళకూడదు, చర్మానికి తగిలితే రెండు రోజులు దురద పెడుతుంది.

సిలికాన్ కొనేవాళ్ళకి ఒక మాట. పిండగానే వెనిగర్‌లా పుల్లటి వాసన కొట్టే సిలికాన్ ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది, దగ్గర్లో ఉన్న రాగిని, టెర్మినళ్ళని తినేస్తుంది. కరెంటు కనెక్షన్ల దగ్గర అది వద్దు. న్యూట్రల్ రకం అని ట్యూబు మీద రాసి ఉన్నదే తీసుకోండి. శాశ్వతంగా అతికే పాలీయురిథేన్ జిగురు కూడా ఇక్కడ పనికిరాదు. రేపు విప్పాలంటే ఫైబర్ పొరతో సహా లేస్తుంది.

చోటు ఎంచుకోవడం

డ్రిల్లు పట్టుకోకముందు అట్టముక్కతో పెట్టె సైజు బొమ్మ కత్తిరించండి. అనుకున్న చోట టేపుతో అతికించి, నిషేధం మొదలవకముందే ఒకరోజు ఆ అట్టతోనే వేటకి వెళ్ళండి. ఒడ్డున నిలబడి చూసినప్పుడు బాగుందనిపించిన చోటు సముద్రంలో పనికిరాకపోవచ్చు. వల లాగేటప్పుడు తాడు ఎక్కడెక్కడ రాసుకుంటుందో, చేపల బుట్ట ఎక్కడ దించుతారో, వాన వస్తే ఎవరు ఎక్కడ కూర్చుంటారో ఆ ఒక్కరోజులో తెలుస్తుంది. సాయంత్రానికి అట్ట చిరిగిపోయి ఉంటే ఆ చోట పెట్టె పెట్టకూడదన్నమాట. మన బోట్లలో బ్రాకెట్లు విరగడానికి తాడు తగులుకోవడం పెద్ద కారణం.

స్క్రీను నడిపేవాడికి ఎదురుగా ఉండాలి, మెడ తిప్పకుండా కనబడాలి. మనది తూర్పు తీరం. తెల్లారి లోపలికి వెళ్ళేటప్పుడు సూర్యుడు ముఖం మీద, స్క్రీను వెనక ఉంటాడు. తిరిగొచ్చేది మధ్యాహ్నం దాటాకే అయితే మళ్ళీ పడమటి ఎండ ముఖం మీదే. కాబట్టి బ్రాకెట్టు పైకీ కిందకీ వాలేలా చుట్టూ చోటు వదలండి. పెట్టె వెనక ప్లగ్గు తీసి పెట్టడానికి, కేబులు మెల్లగా వంగడానికి ఒక అరచేయంత ఖాళీ ఉండాలి. అక్కడ చోటు చాలక కేబుల్ని మడతపెట్టి దూర్చితే ఆ మడతలోనే తీగ తెగుతుంది.

లోపల యాంటెన్నా ఉండే పెట్టెకి ఆకాశం కనబడాలి. ఫైబర్ కప్పు ఉన్నా ఫరవాలేదు, జీపీఎస్ సంకేతం దాంట్లోంచి వస్తుంది. రేకు కప్పు అయితే రాదు. వీహెచ్ఎఫ్ రేడియో సెట్టు ఉంటే దాని యాంటెన్నాకి కనీసం ఒక మీటరు దూరం ఉంచండి.

కాంపసు ఉన్నవాళ్ళు ఇంకో పరీక్ష చేయాలి. జీపీఎస్ ఆన్ చేసి చేత్తో పట్టుకుని కాంపసు వైపు నెమ్మదిగా తీసుకురండి. ముల్లు కదిలిన చోటు చూసుకోండి. ఆ దూరానికి రెట్టింపు దూరంలోనే బిగించండి. పెట్టె ఆగిపోయిన రోజున కాంపసే దిక్కు, దాన్ని జీపీఎస్ పక్కన పెట్టి పాడుచేయకూడదు.

అసలు డ్యాషే లేని బోట్లు మన దగ్గర ఎక్కువ. వెనక ఔట్‌బోర్డు ఇంజను, దాని పక్కన కూర్చుని పిడి పట్టుకుని నడపడం. అలాంటి బోటుకి చివరి అడ్డపలక మీద జీపీఎస్ కోసం చిన్న గూడు కట్టుకోవాలి. 12 మి.మీ. మెరైన్ ప్లైవుడ్డుతో మూడు వైపులా, పైన మూత, నడిపేవాడి వైపు తెరిచి. ప్లైవుడ్డు అన్ని ముఖాలకీ, ముఖ్యంగా కోసిన అంచులకి, రెజిన్ రెండు పూతలు పూసి పైన ఒక పొర ఫైబర్ మ్యాట్ వేయండి. నీరు ప్లైవుడ్డులోకి అంచుల్లోంచే వెళ్తుంది. ఈ గూడుని ఒక్క అడ్డపలకకే బిగించాలి. ఒక కాలు అడ్డపలక మీద, ఇంకో కాలు బోటు గోడ మీద వేసి బిగిస్తే, కెరటంలో బోటు మెలితిరిగినప్పుడు రెండూ రెండు వైపులకి లాగి ఎక్కడో ఒకచోట పగులుతుంది. డ్యాషు ఉన్న బోటుకీ ఇదే వర్తిస్తుంది: బ్రాకెట్టు నాలుగు కాళ్ళూ ఒకే చదును మీద కూర్చోవాలి.

కన్నానికి ముందు

డ్యాషుని వేలి కణుపుతో కొడుతూ వెళ్ళండి. గట్టి శబ్దం వచ్చే చోట లోపల పలక ఉంది, డొల్లగా వచ్చే చోట ఒట్టి ఫైబరే. కింద నుంచి చెయ్యి పెట్టి తడమండి, టార్చి వేసి చూడండి. స్టీరింగు కేబులు, ఇంజను వైర్లు, ఆయిల్ పైపు ఎక్కడ వెళ్తున్నాయో చూసి పైన టేపు మీద గీత గీసుకోండి. లోపల చెయ్యి పట్టని చోట బోల్టు వేయలేరు, అప్పుడు చోటు మార్చుకోవడమే మంచిది.

ఫైబర్ పలచగా ఉంటే అడుగున ఆధారం వేయాలి. 9 మి.మీ. మెరైన్ ప్లైవుడ్డు ముక్కని బ్రాకెట్టు కన్నా అన్ని వైపులా రెండు వేళ్ళ వెడల్పు ఎక్కువగా కోసి, రెజిన్ పూసి, కింద నుంచి అతికించండి. బరువు అప్పుడు నాలుగు బోల్టుల మీద కాకుండా పలకంతా పంచుకుంటుంది.

ఇంకొకటి, చాలామంది చివర చేసేది మొదట చేయండి. పెట్టెని ఇంటి ముంగిట్లో 12 వోల్టుల బ్యాటరీకి కలిపి ఆన్ చేయండి. ఆకాశం కింద ఉంచి ఉపగ్రహాలు దొరికేదాకా చూడండి. కొత్త పెట్టెకి మొదటిసారి కొన్ని నిమిషాలు పడుతుంది. చోటు చూపించడానికి కనీసం 4 ఉపగ్రహాలు కావాలి. బటన్లన్నీ నొక్కి చూడండి. లోపమున్న పెట్టె అని కన్నాలు పెట్టాక తెలిస్తే, మార్చుకొచ్చిన కొత్త మోడలు బ్రాకెట్టు ఆ కన్నాలకి సరిపోకపోవచ్చు.

కన్నం పెట్టడం

పెట్రోలు, కిరోసిన్ క్యాన్లు బోటులోంచి దించి దూరంగా పెట్టండి. బ్యాటరీ తీసేయండి. డ్రిల్లు మోటారులో నిప్పురవ్వలు పుడతాయి.

డ్యాషుని మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, మాస్కింగ్ టేపు రెండు పొరలు వేయండి. బ్రాకెట్టుని టేపు మీద పెట్టి కన్నాల గుర్తు పెన్సిలుతో పెట్టండి. గుర్తు మీద సుత్తి, పంచ్‌తో కొట్టకండి. ఫైబర్ మీద పైన కనబడే రంగు పొర, అదే జెల్‌కోటు, అర మి.మీ. మందమే. అది గాజంత పెళుసు. ఒక్క దెబ్బకి నెర్రె ఇస్తుంది, ఆ నెర్రె ఇంజను అదురుకి పెరుగుతూ పోతుంది. చేత్తోనే బిట్టు మొన పెట్టి నాలుగుసార్లు తిప్పితే చిన్న గుంట పడుతుంది, బిట్టు జారకుండా ఉండటానికి అది చాలు.

ఇప్పుడు 3 మి.మీ. బిట్టు బిగించి డ్రిల్లుని వెనక్కి తిరిగేలా పెట్టండి. అవును, వెనక్కే. వెనక్కి తిరిగే బిట్టు జెల్‌కోటుని కొరకదు, గీరుతుంది. నెమ్మదిగా, డ్రిల్లు బరువు తప్ప ఇంకేం వేయకుండా గీరనివ్వండి. తెల్లటి పొడి రాలుతుంది. ఆ పొడి రంగు మారి, కింద ఆకుపచ్చ లేదా గోధుమ ఛాయలో ఫైబర్ కనబడిన క్షణం ఆపండి. అప్పుడు ముందుకి తిప్పి దాటించండి. బిట్టు అవతలికి వచ్చే ముందు ఒత్తిడి తగ్గించాలి, లేకపోతే అడుగున పొర చీలి లేస్తుంది. తరవాత కౌంటర్‌సింక్ బిట్టు పెట్టి, అది కూడా వెనక్కి తిప్పుతూ, కన్నం అంచున జెల్‌కోటు మాత్రమే 8 మి.మీ. వెడల్పుకి వాలుగా తీసేయండి. చివరగా 5.5 మి.మీ. బిట్టు. 5 మి.మీ. బోల్టుకి అర మి.మీ. వదులు కావాలి. బిగుతుగా సుత్తితో దించే బోల్టు కన్నాన్ని లోపల నుంచి పగలదీస్తుంది.

అంచు వాల్చడం అనవసరం అనుకునేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. బోల్టు మర జెల్‌కోటు అంచుని ఒత్తితేనే పైన చెప్పిన సాలెగూడు పగుళ్ళు మొదలవుతాయి. వాలు తీస్తే బోల్టు ఆ పొరని తాకదు, పైగా ఆ పల్లంలో బ్యూటైల్ టేపు నిండి నీటికి అడ్డుకట్ట అవుతుంది.

నాలుగు కన్నాల్లో ముందు ఒకటే పెట్టండి. బోల్టు వేసి బ్రాకెట్టు నిలబెట్టి, తక్కిన మూడు గుర్తులు సరిపోయాయో లేదో మళ్ళీ చూసుకుని అప్పుడు తక్కినవి.

లోపల ప్లైవుడ్డు గానీ ఫోమ్ గానీ ఉన్న డ్యాషు అయితే కన్నం లోపలి గోడకి రెజిన్ పూయాలి. చీపురు పుల్లకి దూది చుట్టి ముంచి తిప్పితే చాలు. ఆరాక 5.5 మి.మీ. బిట్టు మళ్ళీ ఒకసారి దింపండి. ఈ ఒక్క పని మానేసిన డ్యాషులో బోల్టు చుట్టూ చెక్క నల్లబడి మెత్తబడుతుంది, ఎంత బిగించినా నిలవదు.

బిగించడం

బ్యూటైల్ టేపు ముక్కని సన్నగా నలిచి బోల్టు తల కింద చుట్టండి. బ్రాకెట్టు అడుగున పలుచని రబ్బరు షీటు ఉంటే ఇంజను అదురు కొంత తగ్గుతుంది, సైకిలు ట్యూబు ముక్క కూడా సరిపోతుంది. పై నుంచి బోల్టు దింపి, కింద వెడల్పు వాషరు, నైలాక్ నట్టు. ఒకళ్ళు పైన బోల్టు తలని కదలకుండా పట్టుకోవాలి, రెండోవాళ్ళు కింద నట్టు తిప్పాలి. బోల్టు తిరిగితే చుట్టూ ఉన్న టేపు తెగి నీటికి దారి అవుతుంది. స్టీలు నట్టు గబగబా తిప్పితే వేడెక్కి బోల్టుకే పట్టేస్తుంది. మరకి చుక్క నూనె వేసి చేత్తో నింపాదిగా తిప్పండి.

కింద పడుకుని నట్టు తిప్పేవాడు ఎప్పుడూ అడుగుతాడు: "ఇంకో తిప్పు తిప్పీమంటావా బావా?"

"వద్దు, టేపు అంచు నాలుగేపులా బయటికొచ్చింది. ఆపీ. రేపు పొద్దున్న పావు తిప్పు చూద్దాం."

పని ఈ మాటల్లోనే ఉంది. అంచు చుట్టూ సమానంగా టేపు బయటికి వచ్చిందంటే ఒత్తిడి చాలు. రాత్రంతా టేపు సర్దుకుంటుంది, మర్నాడు పావు తిప్పుతో అయిపోతుంది. ఇంకా బిగిస్తే ప్లాస్టిక్ బ్రాకెట్టు చెవులు లోపల్లోపల చీలతాయి. ఆ చీలిక ఆ రోజు కనబడదు, నెలకో రెండు నెలలకో కెరటం దెబ్బకి బయటపడుతుంది. బ్రాకెట్టు అల్యూమినియంది అయితే దానికీ స్టీలు బోల్టుకీ మధ్య నైలాన్ వాషరు వేయండి. రెండు లోహాలు ఉప్పునీటిలో తగిలితే అల్యూమినియం తెల్లగా పొడి రాలుతుంది.

నట్టు వదులవకుండా మరలకి వేసే ఎర్ర, నీలం ద్రవాలు మెకానిక్ షాపుల్లో దొరుకుతాయి. ప్లాస్టిక్ దగ్గర వాటిని వాడకండి. పాలీకార్బొనేటు, ఏబీఎస్ ప్లాస్టిక్కులకి అవి తగిలితే సన్నని పగుళ్ళు పడతాయి. పెట్రోలు, థిన్నరు, అసిటోన్ కూడా అంతే. ఫెవిక్విక్ లాంటి జిగురు ఆవిరి స్క్రీను మీద తెల్లటి పొగలా పట్టి పోదు. పెట్టెని పట్టుకునే రెండు పక్క నాబ్‌లని చేతి వేళ్ళతోనే బిగించాలి, పటకారు వద్దు.

కరెంటు

తాడు లాగి స్టార్టు చేసే చిన్న ఔట్‌బోర్డు ఇంజన్లకి బ్యాటరీ ఉండదు. కాబట్టి జీపీఎస్‌కి వేరే బ్యాటరీ కావాలి. ఎంత పెద్దది కావాలన్నది లెక్క కట్టి తేల్చుకోండి. పెట్టె వెనక లేబులు మీద వాట్లు రాసి ఉంటాయి. 6 వాట్లు అనుకుంటే, 12తో భాగిస్తే అర ఆంపియరు. 12 గంటల వేటకి 6 ఆంపియర్ అవర్లు ఖర్చవుతాయి. లెడ్ బ్యాటరీని సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తగ్గుతుంది. అంటే కనీసం 12 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఉండాలి. యూపీఎస్‌లో వాడే 7 ఆంపియర్ అవర్ల చిన్న బ్యాటరీ పొద్దున్న బాగానే ఉండి, తిరుగు ప్రయాణంలో, సరిగ్గా అవసరమైనప్పుడు ఆగిపోవడానికి కారణం ఇదే. మీటరు పెట్టి చూస్తే నిండు బ్యాటరీ 12.7 వోల్టులు చూపాలి, 12.2కి వస్తే సగం అయిపోయినట్టు.

బ్యాటరీని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి కదలకుండా కట్టండి. మూత గాలి చొరబడనంత బిగుతుగా వద్దు, ఛార్జింగులో వచ్చే వాయువు పోవడానికి సందు ఉండాలి. సెల్ఫ్ స్టార్టు ఇంజను ఉన్నవాళ్ళు వైరుని స్టార్టరు దగ్గర నుంచి కాకుండా బ్యాటరీ టెర్మినల్ నుంచే తీసుకోండి. అయినా స్టార్టు కొట్టినప్పుడు వోల్టేజి పడి పెట్టె ఆరి వెలగవచ్చు, అందుకని ఇంజను తిరిగాకే జీపీఎస్ ఆన్ చేయడం అలవాటు చేసుకోండి.

ఎర్ర వైరు మీద, బ్యాటరీ టెర్మినల్‌కి ఒక జానెడు లోపల ఫ్యూజు ఉండాలి. పెట్టె దగ్గర పెడితే మధ్యలో వైరు ఒరిసి షార్టు అయినప్పుడు ఫ్యూజు కాపాడదు, వైరే మండుతుంది, పక్కన పెట్రోలు ఉంటుంది. ఎన్ని ఆంపియర్లదో పుస్తకంలో ఉంటుంది, మామూలుగా 2 లేదా 3. పోయిన ఫ్యూజు మీద సిగరెట్టు పెట్టె రేకు చుట్టి నడిపించడం చూస్తుంటాం. అలా చేసినవాళ్ళు ఐదు రూపాయల ఫ్యూజు మిగుల్చుకుని వేలరూపాయల పెట్టెని ఫ్యూజుగా వాడుతున్నారు.

వైరు 1.5 చదరపు మి.మీ. సరిపోతుంది. సన్న తీగలు ఎక్కువగా ఉండి, తగరం పూత ఉన్నది కావాలి. గోడల్లో వాడే ఒంటి తీగ వైరు అదురుకి విరుగుతుంది. పూత లేని రాగి ఉప్పుగాలికి ఇన్సులేషన్ లోపల జానెడు దూరం నల్లబడుతుంది. వైర్లని మెలిపెట్టి నల్ల టేపు చుట్టడం బోటులో అతుకు కాదు. లగ్గుతో క్రింప్ చేసి, పైన జిగురు ఉన్న ట్యూబు తొడిగి వేడి చేయాలి. చివర్ల నుంచి జిగురు కొద్దిగా పొంగి కనబడితే నీరు పట్టదు. జీపీఎస్ కేబుల్లో ఎరుపు, నలుపు కాక ఇంకా రంగురంగుల తీగలుంటాయి, అవి వేరే పరికరాలకి. వాటిని కత్తిరించకండి, ఒకదానితో ఒకటి కలిపి కట్టకండి. ఒక్కోదాని కొసకి విడివిడిగా ట్యూబు తొడిగి పక్కకి చుట్టిపెట్టండి. కలిపే ముందు ప్లస్సు, మైనస్సు మీటరుతో చూడాలి, వైరు రంగుని నమ్మకూడదు. మీకు ముందు ఎవరు ఏ రంగు వాడారో తెలియదు.

మన బోట్లకి ముఖ్యమైనది స్విచ్చి ఎక్కడ పెట్టాలన్నది. పెట్టెని రోజూ విప్పుతాం కాబట్టి కేబులు ప్లగ్గు బోటులోనే వేలాడుతూ ఉంటుంది. దాంట్లో కరెంటు ఉండగా ఉప్పునీరు తగిలితే ప్లస్ పిన్ను కొద్ది రోజుల్లోనే కరిగిపోతుంది. అందుకని బ్యాటరీకీ ప్లగ్గుకీ మధ్య స్విచ్చి ఉండాలి. ముందు స్విచ్చి ఆఫ్, తరవాత ప్లగ్గు పీకడం, వెంటనే ప్లగ్గుకి రబ్బరు టోపీ. టోపీ పోతే ప్లాస్టిక్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేసినా నయమే. పిన్నుల చుట్టూ ఉండే రబ్బరు రింగుకి సిలికాన్ గ్రీజు పలచగా రాయండి.

కేబులు పెట్టె దగ్గరికి వచ్చే ముందు కిందకి ఒక వంపు తిరిగి పైకి రావాలి. కేబులు వెంట జారే నీళ్ళు ఆ వంపు అడుగున కారిపోతాయి, ప్లగ్గు దాకా పోవు. డ్యాషులోంచి కేబులు దూరే కన్నానికి, కేబులు చుట్టూ బిగిసి నీరు ఆపే రబ్బరు గ్లాండు పెట్టండి, రెండు ముక్కలుగా విడిపోయే రకం అయితే ప్లగ్గు దూరడానికి పెద్ద కన్నం పెట్టినా మూసేస్తుంది. ఇంజను స్పార్క్ ప్లగ్గు వైరుకి కేబుల్ని దూరంగా నడిపించండి.

పొదగాల్సిందే అంటే

క్యాబిన్ ఉన్న పెద్ద బోటు, జెట్టీకి కట్టే బోటు అయితే పొదగడంలో తప్పులేదు. పెట్టెతో వచ్చిన కాగితపు నమూనాని డ్యాషు మీద అతికించే ముందు స్కేలుతో కొలిచి పెట్టెతో సరిచూడండి. జెరాక్సు తీసినదైతే సైజు మారి ఉంటుంది. నాలుగు మూలలా ముందు గుండ్రటి కన్నాలు, తరవాత గీతకి ఒక మి.మీ. లోపలగా సన్న పళ్ళ బ్లేడుతో కోత, మిగిలింది ఆకురాయితో. కోసిన మూల గుండ్రంగా ఉండాలి, మొనగా ఉన్న మూల నుంచి పగులు బయలుదేరుతుంది. డ్యాషు వంపు తిరిగి ఉంటే స్క్రూలతో పెట్టెని లాగి కూర్చోబెట్టవద్దు. ఆ ఒత్తిడంతా స్క్రీను అద్దం మీదే పడుతుంది.

చేపల్ని చూపించే సోనార్ కూడా ఉన్న మోడలు అయితే నీటిలోకి శబ్దం పంపే దాని ముక్కని, అంటే ట్రాన్స్‌డ్యూసర్‌ని, బోటు వెనక బయట బిగించకండి. ఇసుక మీదకి ఎక్కించే బోటుకి అది వారం నిలవదు. పొర మధ్యలో ఫోమ్ గానీ చెక్క గానీ లేని గట్టి ఫైబర్ అడుగైతే, లోపలి వైపునే ఎపాక్సీతో గాలి బుడగ లేకుండా అతికించవచ్చు. లోతు చూసే శక్తి కొద్దిగా తగ్గుతుంది, అయినా మన దగ్గరి వేటకి సరిపోతుంది.

బోటు ఎక్కడుందో ఒడ్డుకి తెలిపేందుకు ప్రభుత్వం ఇస్తున్న ట్రాన్స్‌పాండరు జీపీఎస్‌కి బదులు కాదు. దాన్ని విప్పి ఆ చోట ఇది బిగించడం గానీ, దాని వైరు నుంచి దీనికి కరెంటు లాగడం గానీ చేయకండి. 2018 నవంబరులో గుజరాత్ బోట్లలో పనికెళ్ళిన మన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు తెలియక సముద్ర సరిహద్దు దాటి పాకిస్తాన్‌కి చిక్కి, 2020 జనవరిలో గానీ వాఘా దాటి ఇంటికి రాలేదు. బోటు ఎక్కడుందో చూపే ప్రతి పరికరమూ తన సొంత ఫ్యూజు మీద, తన సొంత వైరు మీద బతకాలి.

పరీక్ష

పెట్టె పెట్టకుండా ముందు డ్యాషు మీద మంచినీళ్ళు ధారగా పోయండి. కింద టార్చి వేసి చూడండి. ఏ బోల్టు దగ్గర చుక్క కనబడినా విప్పి టేపు మార్చాలి.

తరవాత పెట్టె పెట్టి, ఇంజను స్టార్టు చేసి, అప్పుడు పెట్టె ఆన్ చేయండి. పాతిక నిమిషాలు తిప్పి ఉపగ్రహాల పేజీ చూడండి. ఇంజను వేగం పెంచినప్పుడు సంకేతం గీతలు పడిపోతుంటే కేబులు ఇంజను వైర్లకి దగ్గరగా ఉందన్నమాట. పెట్టె మీద వేలు పెట్టి చూడండి. వణుకు ఎక్కువుంటే బ్రాకెట్టు కింద రబ్బరు మందం పెంచండి.

ఇక చోటు సరిగ్గా చూపిస్తోందా లేదా చూడాలి. కళింగపట్నం ఒడ్డున నిలబడితే సుమారు 18 డిగ్రీల 20 నిమిషాల ఉత్తరం, 84 డిగ్రీల 7 లేదా 8 నిమిషాల తూర్పు చూపాలి. సెట్టింగుల్లో చోటు కొలిచే పద్ధతి (డేటమ్) డబ్ల్యూజీఎస్ 84 అని ఉండాలి. అంకెలు రాసే తీరు కూడా చూసుకోండి. కొన్ని పెట్టెలు నిమిషాలని దశాంశంలో చూపుతాయి, కొన్ని సెకన్లలో. పక్క బోటువాళ్ళు 18 డిగ్రీల 20.50 నిమిషాలని చెబితే, దాన్ని మీరు 20 నిమిషాల 50 సెకన్లని ఎక్కిస్తే 600 మీటర్ల పైచిలుకు తేడా వస్తుంది. వల వేసిన చోటు దొరకదు, రాళ్ళున్న చోట వల చిక్కుకుంటుంది.

రోజువారీ

ఒడ్డుకి వచ్చేటప్పుడు కెరటాలు విరిగే చోటికి చేరకముందే స్విచ్చి ఆఫ్ చేసి, పెట్టె విప్పి మూత డబ్బాలో వేసేయండి. అక్కడి నుంచి కళ్ళే చాలు. పెట్టె మీద ఐపీఎక్స్7 అని ఉంటే ఒక మీటరు లోతు మంచినీటిలో 30 నిమిషాలు తట్టుకుందని అర్థం, అదీ కదలని నీటిలో. విరిగే కెరటం దెబ్బకి ఆ పరీక్ష హామీ ఇవ్వదు.

ఇంటికొచ్చాక తడి గుడ్డతో, మంచినీళ్ళతో ఉప్పు తుడవండి. ఉప్పు రవ్వలు ఉండగా పొడి గుడ్డతో రుద్దితే స్క్రీను గీతలు పడుతుంది. ఇంజను తుడిచినట్టు కిరోసిన్ గుడ్డతో తుడవకండి, అద్దాలు తుడిచే అమ్మోనియా స్ప్రే కూడా వద్దు, అది స్క్రీను మీది పూతని లేపేస్తుంది. నెలకోసారి కింద దూరి నట్లు చేత్తో కదిపి చూడండి. నిషేధం రోజుల్లో బ్యాటరీని నెలకోసారి ఛార్జింగు పెట్టండి. తుఫాను కబురు వస్తే పెట్టెనీ, బ్యాటరీనీ, అతికించేసిన ట్రాన్స్‌డ్యూసర్ ఒక్కటి తప్ప ఊడొచ్చేవన్నీ విప్పి తెచ్చుకోండి. 2018 అక్టోబరు 11న తిత్లీ వజ్రపుకొత్తూరు వైపు దాటినప్పుడు ఒడ్డు మీదున్న బోట్లే ముక్కలయ్యాయి.

బోటులో ఒక చిన్న సీసాలో రెండు ఫ్యూజులు, ఒక నైలాక్ నట్టు, ఒక రబ్బరు టోపీ ఎప్పుడూ ఉంచండి. పెట్టెలో గుర్తు పెట్టుకున్న చోట్లన్నీ, రాళ్ళు, చేపలు పడే చోట్లు, మీ ఊరి రేవు, ఒక నోటు పుస్తకంలో చేత్తో రాసి ఇంట్లో పెట్టండి. పెట్టె పోతే కొత్తది కొనొచ్చు, ఏళ్ళ తరబడి పోగేసిన ఆ అంకెలు దుకాణంలో దొరకవు. మొదటి పేజీ పైన అంకెలు ఏ తీరులో రాశారో, నిమిషాల దశాంశమో సెకన్లో, పెద్ద అక్షరాలతో రాయండి.